పాత ట్రాక్టర్ కొంటున్నారా? మోడల్ కాదు, చేసిన పని అడగండి

పాత ట్రాక్టర్‌ని ఎలా పరీక్షించాలో పైన వీడియోలో చూపించాను. దాని మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నా.

మనవాళ్లు బండి దగ్గరికి వెళ్లగానే అడిగేది ఏ మోడల్, ఎన్ని గంటలు తిరిగింది అని. నేనూ అదే అడిగాను. 2006 మోడల్, కొత్త పెయింటు, కొత్త సీటు. 2,20,000కి బేరం కుదిరింది. తొలకరి పడ్డాక నవధాన్యాలు చల్లుదామని చేలో కల్టివేటర్ దించితే ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు. క్లచ్ జారిపోయింది. బండిని రెండుగా విప్పి బాగుచేసేసరికి వారం పట్టింది, పదును పోయింది. తర్వాత తెలిసింది, అది ఐదేళ్లు ఇసుక తోలిన బండి అని.

అందుకే చెప్తున్నా. ఇసుక, ఇటుక తోలిన బండికి క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు ముందు చూడండి. దమ్ములో తిరిగిన బండైతే ముందు చక్రాల బేరింగుల్లోకి, బ్రేకుల్లోకి బురదనీళ్లు పోయాయేమో చూడండి. మెట్ట దుక్కి చేసిన బండికి ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోకపోతే దుమ్ముకి ఇంజన్ బోరుకొస్తుంది.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ఇంజన్ అప్పటికే వేడిగా ఉంటే అనుమానించండి. నీలం పొగ ఆగకపోతే ఆయిల్ కాలుతున్నట్టు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిసినట్టు. రోడ్డు మీద నడిపి చూస్తే చాలదు, చేలో నాలుగు సాళ్లు దున్ని చూపించమనండి.

ఆర్సీ గడువు 15 ఏళ్లు. దాటితే రెన్యువల్ అయిందా అడగండి. ఫైనాన్స్ ఉన్న బండైతే ఎన్‌ఓసీ, ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30 చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి.

అలాగని పాత బండి వద్దనను. మనది దుక్కి తగ్గించే వ్యవసాయం, ఏడాదిలో కొద్ది రోజులే పని. పెట్టుబడి తగ్గించుకోడానికి ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి, కొత్త బండి ఈఎంఐ నెత్తిన పెట్టుకోవడంలో అర్థం లేదు. కానీ చేతిలో మూడు లక్షలుంటే రెండు లక్షల బండే చూడండి. మిగతాది మొదటి ఏడాది రిపేర్లకి ఉంచండి. అంత లేకపోతే అద్దె బండే మేలు.

అద్దె బండి టైముకి రాదంటారు. నిజమే. నా సొంత బండీ టైముకి పనికిరాలేదు, పైగా క్లచ్, గేర్‌బాక్స్ కలిపి 58,000 తినేసింది.