కడలి పొంగు, నేల క్రుంగు

ఉప్పాడ జాందానీ చీరల పేరు వినని వారు మనలో నుండరు. ఆ యుప్పాడ కాకినాడ చెంత సముద్రపుటొడ్డున నున్నది. అచ్చట కడలి యిండ్లను మ్రింగుటయు, రహదారిని కోయుటయు ఏండ్ల తరబడి జరుగుచున్నది. ఇసుక రాక తగ్గుట, అలల పోటు అందులకు ముఖ్యకారణములందురు. దానికి దక్షిణమున, గోదావరీ కృష్ణా డెల్టాలలో మఱియొక చిక్కు కలదు: సముద్రము పైకి వచ్చుచుండ, నేల క్రిందికి దిగుచున్నది.

గాదెలో పోసిన ధాన్యము నాళ్లు గడచినకొలది కుదించుకొని దిగును గదా! డెల్టా నేలయు నట్టిదే. పూర్వము వరదలు తెచ్చిన క్రొత్త ఒండ్రు ఆ లోటు తీర్చుచుండెను. ఇపుడా యొండ్రు ఎగువ జలాశయములలో చిక్కుకొనుచున్నది. బోరులతో నీటిని, లోతునుండి వాయువును తోడుటచేతను నేల క్రుంగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

హైదరాబాదునకు సముద్రము లేదు గాని సముద్రపు లెక్కలున్నవి. ఉపగ్రహ చిత్రములను సిద్ధపఱచు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము బాలానగరునను, 1999లో నేర్పడిన సముద్ర సమాచార కేంద్రము ప్రగతినగరునను, హైటెక్ సిటీ మేడలకు కొద్ది మైళ్లలోనే యున్నవి. భారత అమెరికా దేశములు కలసి చేసిన నైసార్ ఉపగ్రహము 2025 జూలై 30న శ్రీహరికోటనుండి వెడలినది. నూతిలో కేకవేసి ప్రతిధ్వని విన్నట్లు, అది నేలపైకి తరంగమును పంపి, మరలివచ్చుదానిని పట్టుకొనును. 12 దినముల కొకమారు అదే చోటు చూచును. రెండుమార్ల ప్రతిధ్వనులను సరిపోల్చిన, నేల సెంటీమీటరు కదలినను తెలియును. మబ్బును చీకటియు అడ్డుకావు. గాలికూగు ఆకు మాత్రము లెక్కను చెఱచును. పెంకుటిల్లు, వంతెన, గుడిగోపురము నమ్మదగిన సాక్షులు. నైసార్ తరంగములలో 24 సెంటీమీటర్ల పొడవుగలది ఆకులను దాటి పోగలదు గావున తోటల సీమకు మేలు.

సముద్రమట్టమును కొలుచు ఉపగ్రహములు వేఱు. 1993 మొదలు లోకమున సముద్రము సగటున 10 సెంటీమీటర్లు పెరిగినదని వాని లెక్క. బెత్తెడే గదా యనవచ్చును. పల్లపు సీమలో ఆ బెత్తెడే మురుగుకాలువల వెంట ఊరిలోనికి వచ్చును. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము కాలువగుండ ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు చచ్చిన సంగతి 2025లో పత్రికల కెక్కినది.

మాదాపురము, గచ్చిబౌలిలో కాపురముండి, పసుపుకుంకుమల క్రింద వచ్చిన తోట కోనసీమలో గలవారు మనలో నుందురు. దస్తావేజులో హద్దులు, విస్తీర్ణము వ్రాయుదురు, ఎత్తు వ్రాయరు. ఆ తోటలో ఇల్లు కట్టుటకో బోరు వేయుటకో మగవారు నిశ్చయింపక మున్నే, నేల ఏట నెంత దిగుచున్నదని మనమడుగవలెనని మా మతము. నైసార్ లెక్కలు ఉచితము. 2014 మొదలు ఐరోపావారు పంపిన సెంటినెల్ ఉపగ్రహముల చిత్రములును అట్లే. పాతలెక్క వానిలో దొరకును. కొంత గణితము చేయవలసియుండును గాని, కంప్యూటరు పనిలోనున్న మన బిడ్డలకు నేర్చుకొనరానిది కాదు. బోరు ఆపినంతన దిగిన నేల మరల లేవదు, దిగుట మందగింపవచ్చును.