నమ్మాల్సిన గదులెన్ని?

2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ లక్ష్యాల్లో నగరాల మధ్య 2,000 కిలోమీటర్ల మేర రహస్య తాళాల (ఎన్‌క్రిప్షన్ కీల) పంపిణీ ఒకటి. అంకె ఘనంగానే ఉంది. చైనా 2017లోనే బీజింగ్-షాంఘై మధ్య అంత దూరానికీ లైన్ వేసింది. దారిలో 32 కేంద్రాలు. ప్రతి మజిలీలోనూ తాళం మామూలు సమాచారంగా బయటపడి, మళ్లీ కొత్తగా బయల్దేరుతుంది. అంటే ఫైబర్‌ను భౌతికశాస్త్రం కాస్తుంది, గదిని మాత్రం మనుషులే కాయాలి. అందుకే దూరం కన్నా ముందు అడగాల్సింది, మధ్యలో నమ్మక తప్పని గదులెన్ని అని.

ఆ గదులు ఊరికే పుట్టలేదు. మేలైన ఫైబర్‌లోనూ 100 కిలోమీటర్లు దాటేసరికి తాళాన్ని మోసే కాంతి కణాల్లో, అంటే నూరు ఫోటాన్లలో ఒక్కటే మిగులుతుంది. 1,000 కిలోమీటర్లకైతే సెకనుకు వెయ్యి కోట్లు పంపినా అవతలికి ఒకటి చేరడానికి సుమారు 300 ఏళ్లు. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయలేమని 1982లోనే రుజువైంది కాబట్టి, దారిలో బలం పెంచి పంపే మామూలు ఉపాయం చెల్లదు. మిగిలిన మార్గం ఎంటాంగిల్‌మెంట్. పక్కపక్క కేంద్రాల మధ్య పెనవేసుకున్న జంటలను సృష్టించి, నడిమి కేంద్రంలో కొలత చేస్తే, ఎన్నడూ కలవని రెండు కొసలు ముడిపడతాయి. నడిమివాడికి తాళం తెలియదు, మోసం చేస్తే కొసల్లో జరిపే పరీక్షలో దొరికిపోతాడు.

చిక్కంతా దారి ఎంపికలో ఉంది. ఇంటర్నెట్ ప్యాకెట్ రౌటర్‌లో ఆగగలదు, పోతే మళ్లీ పంపొచ్చు. ఇక్కడ దారిలోని ముక్కలన్నీ ముహూర్తానికి సిద్ధం కావాలి. ఒకటి ఆలస్యమైతే, క్వాంటమ్ మెమరీలో ఎదురుచూసే మిగతావి చెడిపోతాయి. కలిపిన ప్రతిసారీ నాణ్యత కొంత తగ్గుతుంది. అందుకే దగ్గరి దారే మంచిదన్న లెక్క పనిచేయదు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట, బ్యాంకులకూ సైన్యానికీ తాళాలు ఇప్పుడే కావాలి అంటారు. నిజమే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో మూడు కేంద్రాల ఎంటాంగిల్‌మెంట్ నెట్‌వర్క్ 2021లో గానీ రాలేదు. ఉపగ్రహం ఉందిగా అనవచ్చు: చైనా ఉపగ్రహం మిసియస్ 2017లో 1,200 కిలోమీటర్ల దూరానికి జంటలను పంచింది, కానీ చేరినవి సెకనుకు ఇంచుమించు ఒకటి. మరోవైపు, 2020లో హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ రెండు ప్రయోగశాలల మధ్య 12 కిలోమీటర్ల ఫైబర్‌పై తాళాల పంపిణీ చేసి చూపింది. ఒక ఊరి పరిధికి మధ్యలో ఎవరినీ నమ్మనక్కర్లేదు. ఊరు దాటాక నమ్మక కేంద్రాలు కట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. వాటి సంఖ్యను టెండర్‌లో, ప్రకటనలో దాచకుండా చెప్పాలి. క్వాంటమ్ మెమరీలతో బహుళ కేంద్రాల నెట్‌వర్క్ అదే మిషన్‌లో మరో లక్ష్యం. కాబట్టి ఇప్పుడు ఎంచే స్థలాలు, వాటి మధ్య దూరాలు, అదనపు ఫైబర్ జతలు రేపటి మెమరీలకు సరిపోతాయో లేదో లైన్ తవ్వకముందే తేల్చాలి.