ఫ్యూజు ఖర్చు మిగిలేది ఎవరికి? కాలేది ఎవరి చెయ్యి?

పాత ల్యాప్‌టాప్‌ల, ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీలు విప్పి ఇన్వర్టర్లకు కట్టే పని వస్తున్నది. పారేసిన సామాను ఎక్కడుంటే అక్కడికి ముందు నెట్టేది మనవాళ్లనే. అందుకే ఆసిఫాబాద్ పిల్లలకు ఈ మాట చెప్తున్నం.

ప్యాకులను ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపినప్పుడు ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే నిండుదాని కరెంటు ఖాళీదాంట్లోకి ఒక్కసారే దూకుతది. ఒకటి లోపల షార్టయితే మిగిలినవన్నీ దాంట్లోనే కుమ్మరిస్తయి. చివర పెట్టిన ఒక్క ఫ్యూజు దీన్ని ఆపలేదు. కనుక ప్రతి ప్యాకుకూ దాని ఫ్యూజు, దాని రక్షణ బోర్డు ఉండాలె. కలిపే ముందు మీటరు పెట్టి వోల్టేజి సమానం చేయాలె. రకం వేరైన సెల్లు కలపొద్దు. ఉబ్బినదాన్ని ముట్టొద్దు.

2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం మంటలకు పైనున్న లాడ్జిలో 8 మంది చచ్చిపోయిన్రు. అదే ఏడు కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీల బాధ్యతను తయారీదార్ల మీద పెట్టినయి. మరి విప్పే చేతికి గ్లౌజులు ఎవరియ్యాలె? పని నేర్పేదెవరు?

ఫ్యూజు లేని పనికి చెయ్యి పెట్టమని దుకాణదారుకు అందరం ఒక్కమాటగా చెప్పాలె. ఒక్కడు చెప్తే పని పోతది, అందరం చెప్తే ఫ్యూజు వస్తది.