కాటన్ దొరయు మన ఋణమును

ఏటేట మే నెల 15వ తేదీ వచ్చినతోడనే గోదావరి జిల్లాలలో కాటన్ దొర విగ్రహములకు పూలమాలలు పడుచున్నవి. మనలను పాలింప వచ్చిన జాతివానికి, స్వరాజ్యము సంపాదించుకొన్న పిదపగూడ, పల్లెపల్లెను ప్రజలు స్వచ్ఛందముగా విగ్రహములు నిలుపుట వింతయే. ఈ కృతజ్ఞతను మేము గర్హింపము. మేలు మఱచుట మన ధర్మము కాదు. కాని మాల వాడకమునుపే మఱుగుపడు కృతజ్ఞత నిజమైన కృతజ్ఞత యగునా యని మాత్రము ప్రశ్నింపక తప్పదు.

ఆర్థర్ కాటన్ 1803లో, హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పెక్కుమంది కుమారులలో నొకడుగా జన్మించెను. ఆ కుటుంబ చరిత్ర మనకు రెండు విధముల జ్ఞాపకముండదగినది. పెదతండ్రి కుమారుడగు లార్డ్ కాంబర్‌మియర్ 1826లో భరతపురపు కోటను పడగొట్టిన సేనాని. అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావరులో మన సిపాయిల చేతి యాయుధములను ఊడబెరికించిన దండనాయకుడు. మఱియొక సోదరుడు ఫ్రెడరిక్ మద్రాసు ఇంజనీర్ల దళములోనే పనిచేసెను. ఒకే వంశము మన దేశమునకు కత్తిని పంపినది, గునపమును పంపినది. కోటలు కూల్చినవారి పేరు నేడు మన పల్లెలలో నెవరికిని తెలియదు. నీరు తెచ్చినవాని పేరు పాలేరుకుఱ్ఱనికిగూడ తెలియును. అధికారమునకు శాశ్వతమైన పునాది యేదియో పాలకులు దీనినుండి గ్రహింపవచ్చును.

అయితే ఆనకట్ట కుంపిణీవారి దయాధర్మమని మేము చెప్పజాలము. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కరువు నాశనము చేసెను. 1839లో తుఫానుపోటు కోరంగిని ముంచివేసెను. గోదావరి జిల్లాలో జనము తఱిగి, శిస్తు తఱిగెను. శిస్తు తఱిగిన పిదపనే దొరతనమువారికి కన్ను తెఱపుపడెను. కాటన్ 1844లో నివేదిక సమర్పింపగా, 1847లో పని ప్రారంభమై 1852లో పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములకడ నాలుగు పాయలకు అడ్డుగా కట్ట నిలిచెను.

ఇసుకనేలలో పునాది నిలుపు విద్య సీమనుండి వచ్చినది కాదు. కావేరిపై చోళులనాటి కల్లణను చూచి, ఆ విద్యను మనదేశపు ప్రాచీన శిల్పులవలననే నేర్చుకొంటినని కాటన్ నిష్కపటముగా నొప్పుకొనెను. పని జరుగునప్పుడు ఆతనికి కుడిభుజమై నిలిచినవాడు మన తెలుగువాడగు వీణెం వీరన్న. రాళ్లు మోసి, సున్నము కలిపి, వఱదలో నిలిచి పనిచేసినవారు వేలకొలది మన కూలీలు. గురువులు మనవారు, చేతులు మనవి. దీక్ష మాత్రమాతనిది. ఆ దీక్షకు నమస్కరించుటలో మనకు చిన్నతనము లేదు.

మా దృష్టిలో కాటన్ జీవితమందలి యుత్తమభాగము ఆనకట్ట కట్టిన కాలము కాదు, కొలువు చాలించిన తరువాతి కాలము. 1860లో ఆతడు హిందూదేశపు కొలువు విడిచెను. 1861లో నైట్ బిరుదమును పొందెను. 1841లో టాస్మేనియాలోని హోబార్ట్ పట్టణమున వివాహమాడిన భార్య ఎలిజబెత్, సంతానము, చాలినంత పింఛను కలవు. అట్టివాడు తోటలో కూర్చుండి విశ్రమించినను తప్పుపట్టువారుండరు. ఆతడు తుదకు నివసించిన డార్కింగ్ పట్టణములో తోట పని చేయకపోలేదు. నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు పరీక్షలు వృద్ధాప్యములోగూడ చేసెను. కాని నోరు మాత్రము మూసికొనలేదు. రైలుమార్గములపై కోట్లు గ్రుమ్మరించుచు కాలువల నుపేక్షించుట యన్యాయమని, కాలువ పొలమునకు నీరును, పంటకు చౌకయైన పడవదారిని ఒక్కమాఱే యిచ్చునని, తన ప్రభుత్వముతోనే పోరాడెను. 1876-78 నాటి ఘోరక్షామములో లక్షలకొలది దక్షిణదేశ ప్రజలు మడిసినప్పుడు ఆ ముదుసలి మఱింత బిగ్గఱగా వాదించెను. 1878లో కామన్స్ సభవారి యుపసంఘము ముందర నిలిచి సాక్ష్యమిచ్చెను. వా రాతని ప్రతిపాదనల నంగీకరింపలేదు. అయినను 1899 జూలైలో, తన 96వ యేట కన్నుమూయువఱకు ఆతడు పట్టు విడువలేదు. మరునాటి సంవత్సరమే కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. దక్షిణదేశపు కరువునుగూర్చి వ్రాసిన విలియం డిగ్బీ అందొక ప్రకరణము రచించెను.

ఆతడు తప్పులు చేయనివాడని మేము చెప్పుట లేదు. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టకును కర్నూలు-కడప కాలువకును పూనుకొన్న కంపెనీ నష్టపడి, 1882లో ప్రభుత్వమువారి చేతులలో పడినది. వాటాదారులకు నూటికి ఐదు వడ్డీ పూచీ యిచ్చిన భారము ప్రజలదే యయ్యెను. గోదావరిపై ఎగువకు పడవలు నడపవలెనన్న ప్రయత్నము 1871లో నిలిచిపోయెను. ప్రత్యర్థులు ఈ రెండింటిని జూపి ఆతని నెగతాళి చేసిరి. కాని ఆ కర్నూలు-కడప కాలువ నేడును రాయలసీమ పొలములను తడుపుచునే యున్నది. లెక్కలలో నోడినవాడు నేలమీద గెలిచినాడు.

ఇక మన సంగతి. పాత ఆనకట్టకు మాఱుగా నిర్మించిన కొత్త బ్యారేజి 1982లో పూర్తియై కాటన్ పేరనే వెలసినది. దానిక్రింద సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి. అయినను కాలువలలో పూడిక తీయకుండుట, గుర్రపుడెక్క పెరుగుట, మురుగు కాలువలు మూసికొనిపోవుట, శివారు భూములకు నీరందక పోవుట ఎవరెఱుగరు? 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకే విరామము ప్రకటించిరి. గిట్టుబాటుధర లేమి యొక కారణము; పొలములో నిలిచిన నీరు పోవు దారి లేమి మఱియొక కారణము. పరాయిదొరతనము నాడు నేరమును వారిపై నెట్టితిమి. 1947 పిదప ఆ సాకు చెల్లదు. 1997 నాటి చట్టము కాలువల యాజమాన్యములో రైతు సంఘములకే భాగమిచ్చినది. ఆ సంఘములు పదవులకు మెట్లగునా, కాలువకు కాపలాయగునా యన్నది భూస్వాములమగు మన చేతిలోనిది. కాలువగట్టు నాక్రమించి కొట్టము వేసికొన్నవాడును, మురుగుకాలువను పూడ్చి చేపలచెఱువు త్రవ్వుకొన్నవాడును మనవాడే కదా! ఆ చేతులతోనే మే నెలలో మాల వేయుట మన మనస్సాక్షికెట్లు సమ్మతమగును?

మఱియొక ఋణముగూడ కలదు. కాటన్ చరిత్రను వ్రాయుటకు ఆతనికొక కుమార్తె యుండెను. వీరన్న చరిత్రను సమగ్రముగా వ్రాయవలసిన కుటుంబము మనమే. కట్టక్రింద రాళ్లు మోసిన కూలీల చరిత్రను వ్రాయవలసినదియు మనమే. తన జాతి శ్రమను తాను లెక్కకట్టలేని ప్రజ, ఇతరుల ఘనతను కొలుచుట కర్హము కాదు.

కావున మా విన్నపమిది. వచ్చు మే 15వ తేదీనాటికి ప్రతి గ్రామమును తన కాలువలో పూడిక తీసి, తన మురుగుదారిని తెఱచి, శివారు పొలమునకు నీరు చేర్చి, అటుపిమ్మట విగ్రహమునకు మాల వేయవలెను. పింఛను పుచ్చుకొనుచు దాదాపు నలువది యేండ్లు మనకొఱకు వాదించిన ఆ ముదుసలికి అంతకంటె తగిన పూజ లేదు.