నాలుగు వేళ్ల మడత

జూన్ మొదటి వారంలో ఏ ఊళ్లోనైనా టైలరు కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. ఒకటే మాట పదిసార్లు వినపడుతుంది: "అడుగున మడత కాస్త ఎక్కువ పెట్టన్నా, వచ్చే ఏడు కూడా రావాలి." మా అమ్మయితే నాలుగు వేళ్లు ఆనించి మరీ చూపించేది. ఏడాది తిరిగేసరికి నేను పొడుగయ్యేవాణ్ణి, ఆ మడత విప్పేది. పంట్లాం అడుగున ముదురు నీలం పట్టీ ఒకటి బయటపడేది. పైనంతా ఉతికి ఉతికి వెలిసిన నీలం, కింద నాలుగు వేళ్ల కొత్త నీలం, మధ్యలో పాత కుట్టు గీత. క్లాసులో అందరిదీ ఒకే రంగే. కానీ ఎవరిది ఈ ఏటిదో, ఎవరిది నిరుటిదో ఆ గీత చెప్పేసేది.

యూనిఫాం ఉండాలా వద్దా అన్న వాదన ఎప్పుడు విన్నా నాకా గీతే గుర్తొస్తుంది. (పత్రికల్లో 'ఏకరూప దుస్తులు' అని రాస్తారు గానీ ఆ మాట ఏ తల్లి నోటా నేను వినలేదు. మా అమ్మమ్మ 'యూనిఫారం' అనేది, అదే నయం.) ఉండాలనేవాళ్లు కలవాళ్ల పిల్లలకీ లేనివాళ్ల పిల్లలకీ తేడా కనపడదంటారు, పొద్దున్నే ఏం వేసుకోవాలన్న పేచీ ఉండదంటారు. వద్దనేవాళ్లు అది అమ్మానాన్నల మీద ఖర్చు అంటారు, పిల్లల్ని ఒకే అచ్చులో పోయడమంటారు. ఏ పక్షమూ అబద్ధం ఆడటం లేదు. అందుకే ఈ తగవు ఎన్నేళ్లయినా తెగటం లేదు.

నిజానికి యూనిఫాం పుట్టింది తేడా దాచడానికి కాదు, చూపించడానికి. 1552లో లండన్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ అని ఒక బడి పెట్టారు. పేరులో హాస్పిటల్ ఉన్నా అది దిక్కులేని పిల్లల్ని సాకి చదువు చెప్పే చోటు. ఆ పిల్లలకు పొడుగాటి నీలం కోటు, పసుపుపచ్చ మేజోళ్లు వేశారు. వీధిలో చూడగానే ధర్మం మీద బతికే పిల్లలని తెలిసిపోయేది. మరో వైపు ఈటన్ అనే బడిలో నల్లటి తోక కోట్లు. అవి చూస్తే గొప్పింటి బిడ్డలని తెలిసేది. క్రైస్ట్స్ హాస్పిటల్ 1902లో హోర్షమ్ అనే ఊరికి తరలిపోయింది, కోటూ మేజోళ్లూ మాత్రం ఇప్పటికీ అవే. మార్చమంటారా అని ఆ మధ్య విద్యార్థులనే అడిగితే అత్యధికులు ఉంచమనే చెప్పారు. ఒకప్పటి దానం గుర్తు ఇప్పుడు గర్వం గుర్తయింది. జపాన్‌లోనూ యూనిఫాం మొదట హోదా గుర్తే. 1879లో కులీనుల పిల్లలు చదివే గకుషుయిన్‌లో సైనికాధికారుల తీరులో మెడ మూసిన కోటు పెట్టారు. అది పెద్దింటి బడి నుంచి దిగి దిగి దేశంలో చాలామంది మగపిల్లల ఒంటి మీదికి వచ్చింది.

తేడా దాచే పని యూనిఫాంకి తర్వాతెప్పుడో అప్పగించారు. ఆ పని అది ఎంత బాగా చేస్తోందో చూడాలంటే దక్షిణ కొరియాకు వెళ్లాలి. అక్కడ 1983లో ప్రభుత్వం యూనిఫాం తీసేసింది, పిల్లలు నచ్చినవి వేసుకోవచ్చంది. కొన్నేళ్లకే మళ్లీ బడి ఇష్టానికి వదిలేయాల్సొచ్చింది, చాలా బళ్లు యూనిఫాం వైపే మళ్లాయి. అమ్మానాన్నలే ఖర్చు తట్టుకోలేమన్నారు. అనుకూలురకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2011 ప్రాంతంలో అదే కొరియాలో యూనిఫాం మీద వేసుకునే చలికోట్ల పిచ్చి పట్టుకుంది. నార్త్ ఫేస్ అనే కంపెనీ కోట్లలో ఎవరిది ఎంత ఖరీదైందో దాన్ని బట్టి క్లాసులో హోదాలు. ఆ కోట్లకు జనం పెట్టిన పేరుకు కన్నవాళ్ల నడ్డి విరిచేవి అని అర్థం. చొక్కా ఒకటి చేస్తే తేడా కోటులోకి దూరింది. కోటు కూడా ఒకటి చేస్తే బూట్లలోకో ఫోనులోకో పోతుంది. మన దగ్గర కూడా పుట్టినరోజు నాడు 'కలర్ డ్రస్'లో వచ్చి చాక్లెట్లు పంచే పిల్లని చూస్తే తెలుస్తుంది. అందరి డ్రస్సూ ఒకటిగా ఉన్న 200 రోజుల లెక్కను ఆ ఒక్క రోజు సరిచేసేస్తుంది.

సరే, చదువు మీద ప్రభావం? అమెరికాలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ 1994లో ప్రాథమిక, మాధ్యమిక బళ్లన్నిటికీ యూనిఫాం పెట్టింది. బళ్లలో నేరాలు తగ్గాయని ప్రకటించుకుంది. 1996లో అధ్యక్షుడు క్లింటన్ కూడా ఆ దారిని సమర్థించాడు. కానీ లాంగ్ బీచ్‌లో యూనిఫాంతో పాటే ఇతర భద్రతా చర్యలూ వచ్చాయి. ఏది ఎంత పని చేసిందో విడదీయడం కష్టం. 1998లో బ్రన్స్మా, రాకెమోర్ అనే ఇద్దరు పరిశోధకులు దేశవ్యాప్త లెక్కలు తీసి చూస్తే హాజరు మీదా నడవడి మీదా యూనిఫాం ప్రభావమేమీ కనపడలేదు. 'యూనిఫాం వేస్తే మార్కులు పెరుగుతాయి' అనే మాట మన ప్రైవేటు బళ్ల కరపత్రాలకు వదిలేయడం మంచిది.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది కెన్యా. అక్కడ 2003లో ప్రాథమిక బళ్లలో ఫీజు ఎత్తేశారు. ఫీజు పోయాక ఇంటివాళ్ల మీద మిగిలిన పెద్ద ఖర్చు యూనిఫామే. సుమారు 6 డాలర్లు. మనకు చిన్న మొత్తంలా కనపడుతుంది. నలుగురు పిల్లలున్న కూలి ఇంట్లో అదే కొండ. ఎస్తర్ డుఫ్లో, పాస్కలీన్ డ్యుపా, మైకేల్ క్రేమర్ అనే ఆర్థికవేత్తలు పశ్చిమ కెన్యాలోని 328 బళ్లు ఎంచుకుని, కొన్నింట్లో పై తరగతుల పిల్లలకు యూనిఫాం ఉచితంగా ఇచ్చి చూశారు. మూడేళ్లయ్యాక, ఇవ్వని బళ్లలో నూటికి 19 మంది ఆడపిల్లలు చదువు మానేస్తే, ఇచ్చిన చోట 16 మంది మానేశారు. చిన్న వయసులోనే గర్భం దాల్చినవాళ్లు ఇవ్వని చోట 16 మందయితే ఇచ్చిన చోట 13 మంది. ఒక గౌను, ఒక చొక్కా ఇంత పని చేశాయి.

దీన్ని ఎవరి ఖాతాలో రాయాలి? అనుకూలురు మా ఖాతాలోనే అంటారు. చూశారా, యూనిఫాం ఇస్తే ఆడపిల్ల బడిలో నిలబడింది. వ్యతిరేకులు అదే లెక్క తిప్పి చదువుతారు. యూనిఫాం లేనిదే బడికి రాకూడదన్న పట్టుదలే లేకపోతే ఆ ముగ్గురు పిల్లలు ఎవరి దయా అక్కర్లేకుండానే బడిలో ఉండేవాళ్లు కదా! అడ్డుగోడ కట్టిందీ నువ్వే, నిచ్చెన వేసి మెప్పు కొట్టేసిందీ నువ్వే. ఈ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. కాకపోతే ఊరంతా యూనిఫాం అలవాటైన చోట ఒక్క పిల్ల మామూలు చిరుగుల బట్టల్లో వెళితే ఆమె మీద పడే చూపులు ఏ ఉత్తర్వుతోనూ పోవు. గోడ ఎలాగూ ఉంది కాబట్టి ముందు నిచ్చెన వేయండి, వాదన తర్వాత చేసుకుందాం అంటాను.

నిచ్చెన వేసిన దేశాలున్నాయి. శ్రీలంక 1993 నుంచి సర్కారు బడి పిల్లలందరికీ యూనిఫాం గుడ్డ ఉచితంగా ఇస్తోంది. 2022లో ఆర్థికంగా కుదేలైనప్పుడు కూడా ఆ పథకాన్ని వదులుకోలేదు. గుడ్డలో పెద్ద భాగం చైనా దగ్గర విరాళంగా తీసుకుని మరీ నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి విద్యా కానుక పేరుతో మూడు జతల గుడ్డ, బూట్లు, సంచీ ఇచ్చారు. ప్రభుత్వం మారాక పేరు మారింది, కిట్టు కొనసాగుతోంది. తెలంగాణలో ఆ గుడ్డ కుట్టే పని మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇచ్చారు. అది తెలివైన పని, ఎందుకంటే పిల్లకు బట్టా తల్లికి కుట్టుకూలీ ఒకే ఖర్చులో వస్తాయి. కేంద్రం సమగ్ర శిక్ష పథకం కింద రెండు జతలకు కలిపి ఇచ్చేది పిల్లకు ఏడాదికి 600 రూపాయల దాకా. అంటే జతకు 300. ఆ డబ్బుతో ఎనిమిదో తరగతి పిల్లవాడికి గుడ్డ కొని, కుట్టించి చూపమని ఏ అధికారినైనా అడగాలనిపిస్తుంది.

అన్నిటిలో నాకు నచ్చింది అర్జెంటీనా పద్ధతి. అక్కడ సర్కారు బడి పిల్లలు మామూలు బట్టల మీద తెల్లటి పొడుగు కోటు ఒకటి తొడుక్కుంటారు. గ్వార్దాపోల్వో అంటారు, దుమ్ము ఆపేది అని అర్థం. కింద ఏ చొక్కా ఉంటే అది ఉంటుంది, చిరిగినా కనపడదు. అన్నిటికన్నా ముఖ్యం, టీచర్లు కూడా అదే తెల్ల కోటు వేసుకుంటారు. క్రమశిక్షణ పిల్లలకు మాత్రమే కాదన్నమాట. మన దగ్గర యూనిఫాం తప్పనిసరి అని గట్టిగా అరిచే సార్లు ఎవరైనా ఈ కోటు వేసుకోవడానికి ఒప్పుకుంటారా అని చిన్న సందేహం.

ఇంతవరకూ గుడ్డ గురించి. గుడ్డ దాటి నియమం ఒంటి మీదికి పాకినప్పుడు నేను పక్షం మారతాను. ఒసాకాలో ఒక అమ్మాయి తన జుట్టు పుట్టుకతోనే గోధుమ రంగంది. నల్ల రంగు వేసుకుని రమ్మని బడి మళ్లీ మళ్లీ పట్టుబట్టింది. ఆమె బడి మానేసి 2017లో దావా వేసింది. 2021లో కోర్టు 3 లక్షల 30 వేల యెన్‌లు ఇప్పించింది. అయితే అది ఆమె పేరును జాబితాలోంచి, ఆమె బల్లను క్లాసులోంచి తీసేసినందుకు మాత్రమే. జుట్టు నియమం మాత్రం బడి ఇష్టమేనంది. మరుసటి ఏడు టోక్యో నగర ప్రభుత్వం తన హైస్కూళ్లలో జుట్టు రంగు, లోదుస్తుల రంగు లాంటి నియమాలు తీసేసింది. లోదుస్తుల రంగు చూడటానికి నియమం ఉండేదంటేనే, దాన్ని అమలు చేసిందెవరో, ఎలాగో ఊహించుకోండి. ప్రేయరు లైన్లో పీఈటీ సారు కత్తెర పట్టుకుని తిరగడం చూసిన మనకు ఇదేమీ వింత కాదు. యూనిఫాం లేనంత మాత్రాన ఈ బెడద ఉండదనుకోకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడగండి. డ్రస్సు మీ ఇష్టమంటూనే భుజం పట్టీ ఎంత వెడల్పు ఉండాలో, నిక్కరు ఎంత పొడుగుండాలో రాసి ఇచ్చే బళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ కొలతల బాధ ఎక్కువగా ఆడపిల్లలదే. ఒక్కోసారి మగపిల్లలదీ. 2017 జూన్ ఎండల్లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో నిక్కర్లు వేసుకోనివ్వలేదని కుర్రాళ్లు స్కర్టులు కట్టుకుని బడికొచ్చారు. యూనిఫాంలో స్కర్టు ఉంది కాబట్టి నియమం తప్పలేదు! మరుసటి ఏడు నుంచి నిక్కర్లకు అనుమతిస్తామని బడి దిగివచ్చింది.

మతం దగ్గరికొచ్చేసరికి నా తూకం ఇంత సాఫీగా నిలవదు. ఫ్రాన్సులో సర్కారు బళ్లకు యూనిఫాం లేదు (2024లో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టారు). అయినా కొట్టొచ్చినట్టు కనపడే మత చిహ్నాలను 2004 చట్టంతో నిషేధించారు, 2023లో ముస్లిం అమ్మాయిలు వేసుకునే పొడుగాటి అంగీ అబాయాను కూడా ఆపారు. ఏ మతం ఒత్తిడీ లేని చోటు పిల్లకు ఒక్కటైనా ఉండాలని వాళ్ల వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు, ఇంట్లోంచి వచ్చే ఒత్తిడి కూడా నిజమే. కర్ణాటకలో 2022 ఫిబ్రవరిలో హిజాబుకు చోటివ్వని యూనిఫాం ఉత్తర్వు వచ్చింది. మార్చిలో హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వు సరే అన్నారు. జస్టిస్ సుధాంశు ధూలియా కొట్టేశారు, ఆడపిల్ల చదువే తనకు ముందుగా కనపడిందన్నారు. దేశపు అత్యున్నత న్యాయస్థానమే చెరి సగం అయిన చోట నేను తీర్పరి వేషం వేయను. కానీ ఒక్కటి: గేటు దగ్గర ఆపి ఇంటికి పంపిన పిల్ల ఆ రోజు పాఠం వినలేదు. ఏ నియమం వల్ల బడి పిల్లకు దూరమైందో, ఆ నియమమే తన అవసరం నిరూపించుకోవాలి. నిరూపించే భారం పిల్ల మీద పడకూడదు.

నా మటుకు నేను యూనిఫాం ఉండాలంటాను. గుడ్డ ఖర్చు సర్కారుదో బడిదో అయినంత వరకు, నియమం గుడ్డ దగ్గర ఆగినంత వరకు. ఇంగ్లండు 2021లో యూనిఫాం ఖర్చు తగ్గించడానికి ప్రత్యేకంగా చట్టమే చేసింది. బడి ముద్ర ఉన్న వస్త్రాలు వీలైనంత తక్కువ పెట్టమని, మిగతావి ఎక్కడైనా కొనుక్కోనివ్వమని బళ్లకు చెప్పింది. మన ప్రైవేటు బళ్లలో చాలా చోట్ల దీనికి తలకిందులు. జేబు మీద లోగో, కాలరు మీద గీత, సాక్సు మీద కూడా లోగో. అన్నీ ఒక్క కొట్లోనే దొరుకుతాయి, అవీ రెడీమేడ్. రెడీమేడ్ పంట్లాం అడుగు తిరగేసి చూశారా? మడతలో అంగుళం గుడ్డ ఉండదు. పిల్లవాడు ఎదిగితే మళ్లీ కొత్తది కొనాల్సిందే.

ఈ జూన్‌లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లేవాళ్లకు నాదొక విన్నపం. రంగు బాగుందా, టై కావాలా అన్న చర్చ మిగతావాళ్లని చేసుకోనివ్వండి. మీరు మాత్రం లేచి, లోగో విడిగా ఇమ్మనీ మేము కుట్టించుకుంటామనీ అడగండి. దానికీ ఒప్పుకోకపోతే, అడుగున నాలుగు వేళ్ల మడతైనా వదిలి కుట్టించమనండి.