అటకెక్కిన ఎక్స్‌బాక్స్ ఆ పిల్లలకు ఇవ్వండి

మీ ఇంట్లో పాత ఎక్స్‌బాక్స్ 360 వీడియో గేమ్ పెట్టె, దాని కినెక్ట్ కెమెరా అటకెక్కి దుమ్ము పట్టి ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. ఆటిజం ఉన్న పిల్లలు వెళ్లే స్పెషల్ స్కూలుకో, థెరపీ సెంటర్‌కో ఇవ్వండి. 2010లో వచ్చిన ఈ కెమెరా తయారీని మైక్రోసాఫ్ట్ 2017లో ఆపేసింది. అంటే మనబోటి ఇళ్లలో మిగిలినవే దిక్కు.

దీంతో ఆడటానికి చేతిలో రిమోట్ అక్కర్లేదు. టీవీ ఎదురుగా నిలబడి చెయ్యెత్తితే తెర మీది బొమ్మా చెయ్యెత్తుతుంది. చిన్న చిన్న బటన్లతో తంటాలు పడే పిల్లలకు అదే పెద్ద వెసులుబాటు. కెమెరాతో వచ్చే ‘కినెక్ట్ అడ్వెంచర్స్’ డిస్కులో తెప్ప ఆట ఒకటుంది. ఇద్దరు పిల్లలు ఒకే తెప్ప మీద ఉంటారు. ఒకడు కుడికి, ఒకడు ఎడమకి జరిగితే అది దారి తప్పుతుంది. పక్కవాడు ఎటు కదులుతున్నాడో చూసుకోవాలి, ఇద్దరూ కలిసి ఎగరాలి. పక్క మనిషిని గమనించడం అనే ఈ చిన్న సంగతి నేర్పడానికే థెరపిస్టులు నెలల తరబడి శ్రమపడతారు. పైగా ఆట నియమం రోజూ ఒకేలా ఉంటుంది, ఎన్నిసార్లు తప్పు చేసినా విసుక్కోదు. చిన్న మార్పు వచ్చినా తల్లడిల్లిపోయే పిల్లలకు అదెంత ఊరటో ఆ తల్లులను అడగండి.

ఆటలతో ఆటిజం నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం నమ్మవద్దు. డాక్టరు రాసిచ్చే వీడియో గేమ్‌కు 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చిన మాట నిజమే. అది ఏడీహెచ్‌డీ పిల్లల ఏకాగ్రత కోసం, ఆటిజానికి కాదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మానకూడదు. ఫోన్ చేతిలో పెట్టి పిల్లాణ్ని మూలన కూర్చోబెట్టడం థెరపీ అనిపించుకోదు.

పెట్టెతో పాటు మనుషులూ కావాలి. మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఆటిజం పిల్లలను తోటివాళ్లు ఏడిపిస్తున్నారని కెనడాలో స్టువర్ట్ డంకన్ అనే తండ్రి 2013లో వాళ్లకోసమే ‘ఆట్‌క్రాఫ్ట్’ పేరుతో వేరే సర్వర్ పెట్టాడు. అక్కడ పిల్లలు నిశ్చింతగా ఆడుకుంటున్నారంటే పెద్దలు కనిపెట్టుకుని ఉండబట్టే.

ఇచ్చేముందు డిస్కులు, కేబుళ్లు సరిచూడండి. మీ ఖాతా, ఆడుతుండగా కెమెరా తీసిన ఫొటోలు చెరిపేయండి. అమెరికాలో కొన్న సెట్టయితే దాని అడాప్టర్ 110 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా జతచేయండి. కాలేజీ పిల్లలూ, మీకు వారానికో గంట తీరికుంటే ఆ స్కూలు టీచరును అడిగి వెళ్లండి. సౌండ్ బాగా తగ్గించి, ఆ పిల్లల పక్కన నిలబడి మీరూ ఆడండి.