పూడికతీతకు కొలత అవసరం

చెరువు పూడికతీతలో లెక్క తరచు ట్రాక్టరు ట్రిప్పులలోనే సాగుతుంది. ట్రక్కు నిండినా, సగమే ఉన్నా ఒక ట్రిప్పే. వివాదాలకు మూలమదే. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో రైతులు స్వంత ఖర్చుతో పూడికమట్టిని పొలాలకు తరలించుకొన్నారు. అంతటి శ్రమకు తగిన కొలత ఉండవద్దా?

నేలపై ముక్కాలి స్టాండు మీద నిలిపే లేజర్ స్కానర్ ఇందుకు తగిన సాధనం. అది లేజర్ కిరణాలను చుట్టూ ప్రసరింపజేసి, తిరిగివచ్చిన కాంతిని బట్టి దూరాలను గణిస్తుంది. లక్షలాది బిందువులతో నేల రూపాన్ని నమోదు చేస్తుంది. పనికి ముందు, తరువాత అవే స్థిరమైన గుర్తుల ఆధారంగా స్కాన్ చేస్తే, రెండింటి తేడాయే తీసిన మట్టి పరిమాణం. ఎకరం విస్తీర్ణంలో అడుగు లోతు పూడిక తీస్తే సుమారు 1,233 ఘనపు మీటర్లు. అంటే 12 లక్షల లీటర్లకు పైగా నీటికి చోటు.

పరిమితులూ ఉన్నాయి. సాధారణ స్కానర్ నీటి అడుగును కొలవలేదు. దట్టమైన పొదలూ అడ్డే. కనుక చెరువెండిన వేసవిలో, సర్కారుతుమ్మ తొలగించాక, పలుచోట్ల నుండి కొలవాలి. హద్దు తగాదాలను మాత్రం ఇది తీర్చలేదు; అందుకు రెవిన్యూ రికార్డులే ఆధారం.

యంత్రం ఖరీదైనది. ఒక్కొక్క గుత్తేదారు అప్పుచేసి కొనడం కంటే, కొన్ని గ్రామాలు కలిసి సర్వే సంస్థల సేవలను అద్దెకు పొందడం మేలు. పూడికతీతకు ఋణం మంజూరు చేసేటప్పుడే ఈ రెండు కొలతల ఖర్చును పథకం వ్యయంలో చేర్చాలని నా అభిప్రాయం. కొలిచిన పనికే చెల్లింపు జరిగితే ఆయకట్టు రైతుకు నీరు, ట్రాక్టరు యజమానికి న్యాయమైన బాడుగ, బ్యాంకు ఋణానికి భద్రత చేకూరుతాయి.